నెసెబర్: రక్షిత పట్నం, ఎదురుగా రిసార్టు

బల్గేరియా నల్లసముద్ర తీరంలోని నెసెబర్ పాతపట్నం పొడవు సుమారు 850 మీటర్లు, వెడల్పు 300. సన్నని కట్టలాంటి నేల ఒకటి దాన్ని ఒడ్డుతో కలుపుతుంది. ఇంత చిన్నచోటును చూసి రమ్మని యునెస్కో 2010 తర్వాత పదేపదే పరిశీలక బృందాలను పంపింది. ఇళ్లపై కొత్త అంతస్తులు లేచాయి, సందుల్లోకి దుకాణాల పందిళ్లు చొచ్చుకొచ్చాయి, చుట్టూ తీరమంతా హోటళ్లు కమ్మేశాయి అన్నవి ఫిర్యాదులు. వీటి మూలం మాత్రం రెండేళ్ల తేడాతో జరిగిన రెండు నిర్ణయాల్లో ఉంది. 1956లో ప్రభుత్వం పాతపట్నాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 1958లో అదే ప్రభుత్వం అఖాతానికి ఎదురొడ్డున సన్నీ బీచ్ అనే రిసార్టు కట్టడం మొదలుపెట్టింది.

కాపాడదగ్గది అక్కడ చాలానే ఉంది. త్రేసియన్లనే ప్రాచీన జాతివాళ్ల ఊరు క్రీ.పూ. 6వ శతాబ్దంలో మెసెంబ్రియా అనే గ్రీకు వలస పట్నమైంది, క్రీ.పూ. 72 ప్రాంతంలో రోమ్‌కు లొంగింది. క్రీ.శ. 812లో బల్గర్ల ఖాన్ క్రుమ్ దీన్ని పట్టుకున్నప్పుడు ‘గ్రీకు అగ్ని’ అనే మండే ద్రవాన్ని శత్రువుల మీద చిమ్మే 36 రాగి గొట్టాలు కూడా అతని చేతికి చిక్కాయి. 1366లో సవాయ్ ప్రభువు ఆరో అమెడియో, 1453లో ఒట్టోమన్లు వచ్చారు. ప్రాచీన పట్నంలో కొంత భాగం ఇప్పుడు నీటి అడుగున ఉంది.

చూడాల్సింది చర్చిల గోడలే. 13-14 శతాబ్దాల నాటి క్రైస్ట్ పాంటోక్రేటర్ చర్చిలో తెల్లరాయి వరస మీద ఎర్ర ఇటుక వరస పేర్చారు. పైన గుడ్డి కమానులు (లోపల గోడతో మూసినవి), వాటి చుట్టూ సున్నంలో పొదిగిన గుండ్రటి, నాలుగు రేకుల పింగాణీ బిళ్లలు. తూర్పు గోడ మీద ఇటుకతో కూర్చిన స్వస్తిక్ పట్టీ మనవాళ్ల కంట వెంటనే పడుతుంది. అది మధ్యయుగపు అలంకారమే, దానికి వేరే అర్థాలు వెతకనక్కర్లేదు. సెయింట్ స్టీఫెన్ చర్చిలో గోడల నిండా కుడ్యచిత్రాలున్నాయి. ఒకటే చూసే తీరిక ఉంటే దానికే వెళ్లాలి.

అసలు తగువు ఇళ్ల దగ్గర వచ్చింది. 18-19 శతాబ్దాల నెసెబర్ ఇంటికి కింద రాతి అంతస్తు, కిటికీలు తక్కువ. వలలూ సామానూ పెట్టుకునే చోటది. పైన వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క అంతస్తులో కాపురం. జాలర్లు, ద్రాక్ష రైతులు ఉన్నంతకాలం ఆ కట్టడానికి పని ఉంది. పర్యాటకులు పెరిగాక కింది అంతస్తే బంగారమైంది. రాతిగోడ కోసి షట్టరు పెట్టారు, పై అంతస్తు అద్దె గదులైంది. కొన్నిచోట్ల కొత్త గోడ కట్టి మీద చెక్క పలకలు బిగించేశారు. దూరానికి పాత ఇల్లే. 1983లో వచ్చిన ప్రపంచ వారసత్వ హోదా ఊరి ఆకారానికి రక్షణ ఇచ్చింది గానీ, ఇంటి యజమానికి అద్దె మీద ఉన్న ఆశను ఏం చేయగలదు?

1989 దాకా రిసార్టులన్నీ ప్రభుత్వానివే. ఆ తర్వాత హోటళ్లు ప్రైవేటుపరమయ్యాయి. 2000ల్లో బ్రిటిష్, రష్యన్ కొనుగోలుదారుల కోసం అపార్ట్‌మెంట్లు వెల్లువలా లేచాయి. 2008 నుంచి అమల్లోకి వచ్చిన తీర చట్టం ఒడ్డు నుంచి 100 మీటర్లను కట్టడాలపై ఆంక్షలుండే ‘ఎ’ మండలం చేసింది. దాని వెనక 2 కిలోమీటర్లు ‘బి’. ఈలోగా సన్నీ బీచ్‌లో చాలావరకు కట్టడం అయిపోయింది. మిగిలినవి ఇసుక దిబ్బలు. కాగితాల్లో దిబ్బ అని కాక సాగుభూమి అని నమోదైతే, చట్టంలో ఎంత గట్టి నిషేధం ఉన్నా దానికి వర్తించదు. నెసెబర్ పక్క దిబ్బల మీద తవ్వకాలు బయటపడినప్పుడు 2013 మొదట్లో జనం నిరసనకు దిగింది ఇందుకే.

వెళ్లేవాళ్లకు దగ్గరి విమానాశ్రయం బుర్గాస్, సుమారు 25 కిలోమీటర్లు. బల్గేరియా విమాన, సముద్ర మార్గాల్లో 2024 మార్చి 31న, భూసరిహద్దుల్లో 2025 జనవరి 1న షెంగెన్‌లో (ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాల మండలంలో) చేరింది కాబట్టి భారతీయులకు షెంగెన్ వీసా కావాలి. ఆ మండలమంతటికీ కలిపి 180 రోజుల్లో 90 రోజులే, ఫ్రాన్స్‌లో గడిపినవీ లెక్కలోకి వస్తాయి. 2026 జనవరి 1 నుంచి చెల్లేది యూరో, పాత కరెన్సీ లెవ్ మారకం యూరోకు 1.95583. జులై, ఆగస్టుల్లో పగటిపూట సందుల్లో నడవడమే కష్టం. జూన్ లేదా సెప్టెంబరు మంచిది, అదీ టూరిస్టు బస్సులు రాకముందే పొద్దున్నే. బీచ్‌లు రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ ఆస్తి, ప్రవేశం ఉచితం. గొడుగుకీ పడక కుర్చీకీ మాత్రమే డబ్బు. సొంత తువ్వాలు పరుచుకోవడానికి వదిలిన ఖాళీ ఇసుక ఎటుందో అడిగి వెళ్లండి.