ఎడారి బొటానికల్ గార్డెన్‌కు పిల్లలతో వెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

ఎడారి మొక్కల తోటలో పిల్లల బృందాలను వెంటబెట్టుకుని తిప్పి చూపించడం నా పని. అమ్మానాన్నల నోట తరచూ వినే మాటల్లో కొన్ని పిల్లల ఉత్సాహాన్ని చంపేస్తాయి. కొన్ని నిజంగానే ప్రమాదం తెస్తాయి. ముందు ప్రమాదకరమైనదే చెబుతాను.

అపోహ: పిల్లాడికి చెమటే పట్టలేదు, ఎండ దెబ్బ భయం లేదు.

పొడిగాలిలో చెమట పట్టిన వెంటనే ఆవిరైపోతుంది. చర్మం పొడిగా కనిపిస్తున్నా ఒంట్లోంచి నీరు పోతూనే ఉంటుంది. ఆటలో పడిన పిల్లలు దాహమని చెప్పరు కూడా. అందుకే వాళ్ళు అడిగేదాకా ఆగకుండా ప్రతి 15-20 నిమిషాలకు కొన్ని గుక్కలు తాగించండి. ఎక్కువసేపు నడిస్తే ఉప్పు తగిలిన చిరుతిండి కూడా పెట్టండి.

అప్పటిదాకా గెంతిన బిడ్డ ఉన్నట్టుండి చిరాకు పడినా, తలనొప్పి అన్నా, ఏమీ మాట్లాడకుండా కూర్చుండిపోయినా నడక ఆపేయండి. నీడకు తీసుకెళ్ళి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, నీళ్ళు తాగించండి. పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా మారినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే అత్యవసర వైద్య సాయం పిలిపించి, వాళ్ళు వచ్చేదాకా ఒళ్ళు చల్లబరుస్తూనే ఉండాలి. స్ట్రోలర్‌ను ఎండకని దుప్పటితో కప్పేయడం నాకు చాలా భయం కలిగించే అలవాటు. లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. గొడుగో, వెడల్పు అంచు టోపీయో మేలు. వేసవిలో అయితే గేటు తెరవగానే లోపలికి వెళ్ళి, ఎండ ముదిరేలోపు బయటికి వచ్చేయండి.

అపోహ: పెద్ద ముళ్ళకు దూరంగా ఉంటే చాలు.

ఎక్కువ ఏడిపించేవి కనిపించని ముళ్ళే. నాగజెముడు జాతి మొక్కల మీద పెద్ద ముళ్ళ మొదట్లో నూగులాంటి కుచ్చులుంటాయి. అవి వెంట్రుకలంత సన్నటి ముళ్ళు, చివర కొక్కెం ఉంటుంది. మెత్తగా ఉందనుకుని పిల్లలు నిమిరితే పదుల కొద్దీ దిగిపోతాయి. చేతిని రుద్దొద్దు, నోటితో లాగొద్దు. చిన్న పట్టకారుతో (ట్వీజర్) వచ్చినన్ని తీసి, మిగిలిన చోట కాగితాలు అంటించే తెల్ల జిగురు రాసి, పైన పలచటి గాజుగుడ్డ పరిచి, ఆరాక మెల్లగా ఒలిచేయండి. కంటి దగ్గరైతే మీరు ప్రయత్నించకుండా నేరుగా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాలి.

చొయ్యా అనే కాక్టస్ మీదికి దూకుతుందని కూడా అంటారు. అది దూకదు. దాని కణుపులు కాస్త తగిలితే చాలు, ఊడి అంటుకుంటాయి. అలా జంతువులకు అంటుకుని వెళ్ళి, రాలిన చోట వేళ్ళూనుకోవడమే దాని ఎత్తుగడ. అంటుకున్న ముక్కను చేత్తో పట్టుకోకుండా దువ్వెన కిందికి దూర్చి విదిలించండి. నా సంచిలో పట్టకారు, దువ్వెన ఎప్పుడూ ఉంటాయి.

అపోహ: దాహమేస్తే కాక్టస్ కోసి నీళ్ళు తాగొచ్చు.

వద్దు. లోపల ఉండేది నీళ్ళు కాదు, జిగట గుజ్జు. చాలా జాతుల రసం వల్ల వాంతులు, విరేచనాలు అయి ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది.

అపోహ: ముళ్ళున్నదల్లా కాక్టస్.

ముళ్ళన్నీ చిన్న దిండులాంటి ఒక బొడిపె నుంచి పుట్టుకొస్తే అది కాక్టస్. బొంతజెముడు, కాడజెముడు వేరే కుటుంబం. గిల్లితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఈ తేడా చెప్పాక ప్రతి మొక్క దగ్గరా బొడిపెలు వెతకడం పిల్లలకు మంచి ఆట అవుతుంది.

అపోహ: ఎడారిలో ఏముంటుంది, పిల్లలకు బోర్ కొడుతుంది.

అమెరికా, మెక్సికోల్లో పరుచుకున్న సొనోరన్ ఎడారి ఒక్కదానిలోనే 2,000కు పైగా మొక్క జాతులున్నాయి. పిల్లలకు బోర్ కొట్టేది మన తొందర వల్ల. బాట మొత్తం తిరిగి రావాలన్న పట్టుదల పక్కనపెట్టి స్తంభంలా నిలువుగా పెరిగే పెద్ద కాక్టస్ ఉంటుంది, పేరు సగువారో. అలాంటిదొకదాని దగ్గర ఆగండి. ఆ నిలువు మడతలు ఎందుకో అడగండి. వాన పడి నీరు పీల్చుకున్నప్పుడు కాండం హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. దాని మీద గుండ్రటి కన్నాలు వడ్రంగిపిట్టలు తొలిచిన గూళ్ళు. అవి వదిలేసి వెళ్ళాక చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. కన్నం చుట్టూ మొక్క గట్టి పొర కట్టుకుంటుంది కాబట్టి తడి బయటికి పోదు. మొలకెత్తిన మొదటి ఎనిమిదేళ్ళలో అది పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళం. మొదటి కొమ్మ వేయడానికి చాలాసార్లు 50 నుంచి 75 ఏళ్ళు పడుతుంది. "మీ తాతయ్య పుట్టేసరికి దీనికి ఈ కొమ్మ లేదేమో" అని చెబితే ఐదేళ్ళ పిల్లలు కూడా తలెత్తి చూస్తారు.

అపోహ: ఏదీ ముట్టుకోనివ్వకపోతే ఇక నేర్చుకునేదేముంది?

క్రియోసోట్ పొద దగ్గర కొమ్మ తుంచకుండా, ఆకుల చుట్టూ రెండు చేతులూ దోసిలిలా పెట్టి వెచ్చటి ఊపిరి వదిలి వాసన చూడమనండి. ఎడారిలో వాన కురిసినప్పుడు వచ్చే వాసన అదే. పాలో వెర్డే చెట్టుకు బెరడు కూడా పచ్చగా ఉంటుంది. ఆకులు రాల్చేశాక ఆ బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. ఇవన్నీ తెలుసుకోవడానికి ఒక్క ఆకు కూడా కోయనక్కర్లేదు. కలబంద లాంటి అగావే ఆకుల మీద గోటితో పేర్లు రాస్తే మాత్రం ఆ గీత ఆకు ఉన్నన్నాళ్ళూ మానదు. రాలిన గింజలు, ముళ్ళు కూడా జేబులో వేసుకోనివ్వకండి.

అపోహ: పాములుంటాయి, పిల్లల్ని తీసుకెళ్ళకూడదు.

పాములు మనిషి అలికిడికి తప్పుకుంటాయి. పిల్లలు బాట దిగకుండా, రాళ్ళ కిందా పొదల్లోనూ చేయి పెట్టకుండా చూస్తే చాలు. ఎదురైతే ఆగి, మెల్లగా వెనక్కి తగ్గి, తోట సిబ్బందికి చెప్పండి.