క్యాంపర్ వెనక పడవ ట్రైలర్ తగిలిస్తే

అమెరికాలో వేసవి సెలవులు మొదలైతే, ముఖ్యంగా సరస్సులు ఎక్కువున్న రాష్ట్రాల హైవేల మీద, మూడు బండ్ల వరస ఒకటి కనిపిస్తుంటుంది. ముందు పికప్ ట్రక్కు. దాని వెనక మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న క్యాంపర్. ఆ క్యాంపర్ వెనక మళ్లీ ఒక పడవ ట్రైలరో, మోటార్ సైకిళ్లు ఎక్కించిన చిన్న ట్రైలరో. వారాల తరబడి తిరిగే కుటుంబానికి ఇల్లూ కావాలి, పడవా కావాలి. ఇంకో బండీ ఇంకో డ్రైవరూ లేకుండా రెండూ తీసుకెళ్లాలంటే ఇలా తగిలించుకోక తప్పదు.

పక్క నుంచి దాటిపోయేవాళ్లకు వచ్చే మొదటి అనుమానం, అంత బరువు ఆ ట్రక్కు లాగగలదా అని. మొత్తం వ్యవహారంలో సులువుగా తేలే ప్రశ్న అదొక్కటే. ఇప్పటి పెద్ద పికప్‌లలో కొన్ని 20,000 పౌండ్లకు, అంటే 9 టన్నులకు పైగా లాగుతాయి. అమ్మకాల కాగితం మీద ఆ అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ చివరి ట్రైలర్ ఏ బిందువు దగ్గర వేలాడుతోందన్నది మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. ప్రయాణం సాఫీగా సాగేదీ, టెన్షన్ పెట్టేదీ దాన్ని బట్టే.

ట్రైలర్‌ని ట్రక్కుకు తగిలించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి బాల్ హిచ్: ట్రక్కు వెనక కొసన ఒక ఇనుప గుండు, దాని మీద ట్రైలర్ ముక్కు కూర్చుంటుంది. గుండు ట్రక్కు వెనక చక్రాల కంటే నాలుగైదు అడుగులు వెనక్కి ఉంటుంది కాబట్టి, ట్రైలర్ పక్కకు ఊగినప్పుడు ఆ దూరమే మీటగా మారి ట్రక్కు తోకను తోస్తుంది. రెండోది ఫిఫ్త్ వీల్: ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసుకు సరిగ్గా పైన ఒక పళ్లెం, అందులో క్యాంపర్ కింది నుంచి దిగే కింగ్‌పిన్ అనే ఇనుప కడ్డీ ఇమిడిపోతుంది. ఇక్కడ మీట పొడవు దాదాపు సున్నా. ట్రైలర్ ఎంత తోసినా ఆ తోపు నేరుగా చక్రాల మీదకే పోతుంది, ట్రక్కును తిప్పదు.

ఇలా తగిలించి లాగడం కొత్తదేమీ కాదు. 1914లో డెట్రాయిట్ కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ దగ్గరికి ఒక ఆసామి వచ్చి తన పడవను ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక తీసుకెళ్లే ఏర్పాటు చేయమన్నాడు. ఫ్రూహాఫ్ చేసిచ్చిన ఆ బండి నుంచే ఆయన సెమీ ట్రైలర్ల కంపెనీ పుట్టింది. విమానాల మార్గదర్శి గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లో ఏరోకార్ అనే క్యాంపర్ తయారు చేస్తూ, కారుకూ ట్రైలర్‌కూ మధ్య విమానం టైరునే అడ్డంగా పడుకోబెట్టి కీలుగా వాడాడు. కుదుపులు అందులోనే ఆగిపోయేవి.

ఇక క్యాంపర్ తోకకు ఇంకోటి తగిలిస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. క్యాంపర్ తన ఇరుసుల మీద ఏతంలా నిలబడి ఉంటుంది. వెనక కొస కుంగితే ముందు కొస లేస్తుంది. 10,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ క్యాంపర్ తీసుకోండి. కింగ్‌పిన్ మీద 20 శాతం, అంటే 2,000 పౌండ్లు పడుతోంది. పిన్ నుంచి ఇరుసుల మధ్యకు 20 అడుగులు, అక్కడి నుంచి తోకకు 10 అడుగులు. పడవ ట్రైలర్ 3,000 పౌండ్లు, దాని ముక్కు తోక మీద 300 పౌండ్లు మోపుతోంది. ఆ 300 వల్ల ముందున్న పిన్ మీద 150 పౌండ్లు తగ్గుతాయి. ఆ 150 కూడా వచ్చి క్యాంపర్ ఇరుసుల మీదే పడుతుంది. అంటే తగిలించింది 300, ఇరుసులూ టైర్లూ అదనంగా మోసేది 450. అంత మిగులు ఆ టైర్లకు ఉందో లేదో ముందు చూసుకోవాలి. చాలా క్యాంపర్లలో ఉండేది తక్కువే.

పిన్ మీద 1,850 మిగిలింది కాబట్టి ఈ క్యాంపర్‌కు నిలకడ పోదు. ఫిఫ్త్ వీల్‌కు 15 నుంచి 25 శాతం ముందుకు పడితే చాలు. ఇదే పని బాల్ హిచ్ క్యాంపర్‌తో చేసి చూడండి. బరువు 6,000 పౌండ్లు, గుండు మీద 12 శాతం, అంటే 720. గుండు నుంచి ఇరుసుకు 16 అడుగులు, తోకకు 10. అదే 300 వెనక తగిలిస్తే గుండు మీద సుమారు 530 మిగులుతుంది. 12 శాతం కాస్తా 9కి దిగింది. బాల్ హిచ్‌కు సాధారణంగా 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. అంతకంటే తగ్గితే ట్రైలర్ ఊగడం మొదలుపెడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊగు దానంతటది చల్లారే గుణం పోతుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊగూ ముందుదానికంటే పెద్దదవుతుంది. రెండో ట్రైలర్‌ని అనుమతించే రాష్ట్రాల్లో కొన్ని మధ్య బండి ఫిఫ్త్ వీలే అయి ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. నన్నడిగితే, బాల్ హిచ్ క్యాంపర్ వెనక ఇంకోటి తగిలించడం చట్టం ఒప్పుకున్న చోట కూడా చేయకూడని పని.

తగిలించే చోటు గురించి ఇంకొక మాట. చాలా క్యాంపర్ల వెనక బంపర్ అనేది నాలుగు అంగుళాల చదరపు గొట్టం, పల్చని రేకు. మురుగునీటి పైపు చుట్టి అందులో దాచుకుంటారు. చూడటానికి దిట్టంగా ఉంటుంది కానీ ట్రైలర్ లాగడానికి చేసింది కాదు. హిచ్‌ని క్యాంపర్ చట్రం కమ్మీలకే వెల్డింగ్ చేయించాలి, అదీ ఆ చట్రం తయారీదారు ఒప్పుకుంటేనే.

ఇంతవరకూ బండి తిన్నగా పోతున్నప్పటి సంగతి. అసలు పరీక్ష సడన్‌గా పక్క లేన్‌లోకి తప్పుకోవాల్సి వచ్చినప్పుడు. రెండు ట్రైలర్లు లాగే లారీల మీద మిషిగన్ విశ్వవిద్యాలయం రవాణా పరిశోధన సంస్థ 1980లలో చాలా పని చేసింది. తేలిందేమిటంటే, డ్రైవరు చటుక్కున పక్కకు తిప్పి మళ్లీ సరిచేస్తే, ముందు బండి మీద పడిన పక్కతోపు కంటే చివరి ట్రైలర్ మీద పడేది చాలా ఎక్కువ. మామూలు జంట ట్రైలర్లలో దాదాపు రెట్టింపు. క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి ఏమీ కానట్టే ఉంటుంది. వెనక చివరి బండి అప్పటికే ఒకవైపు చక్రాలు లేపి ఉండొచ్చు.

ఎందుకిలా? చివరి ట్రైలర్‌ని లాగేది ట్రక్కు కాదు, క్యాంపర్ తోక. ఆ తోక ఇరుసుల వెనక 10 అడుగుల దూరంలో ఉంది కాబట్టి, క్యాంపర్ కొద్దిగా తిరిగినా తోక ఎక్కువ జరుగుతుంది. దానికి తోడు టైరు పక్కబలం వెంటనే పుట్టదు, కొంత దొర్లాక గానీ పుంజుకోదు. ఆ ఆలస్యం ఒక్కో బండి దగ్గరా కలుస్తూ పోతుంది. డ్రైవరు స్టీరింగ్ తిప్పి సరిచేసేసరికి చివరి ట్రైలర్ ఇంకా మొదటి మలుపులోనే ఉంటుంది. మనుషులు కంగారులో లేన్ మారడానికి తీసుకునే రెండు మూడు సెకన్లు, ఇలాంటి ట్రైలర్లు సహజంగా ఊగే కాలానికి దగ్గరగా ఉండటం ఇంకో దురదృష్టం. నెమ్మదిగా పోతుంటే ఈ గుణం దాదాపు కనిపించదు. పొట్టి ట్రైలర్‌కు ఇది ఎక్కువ, పొడవాటిదానికి తక్కువ. చిన్నదే కదా అని వెనక తగిలించే ట్రైలరే ఈ విషయంలో మొండిఘటం.

కీలు చోటు మారిస్తే ఎంత తేడా వస్తుందో కెనడా లారీలు చూపిస్తాయి. అక్కడ 1984–86లో పెద్ద అధ్యయనం జరిపి, 1988లో రాష్ట్రాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. రెండో ట్రైలర్‌ని విడి డాలీ మీద, అంటే దాని ముందు భాగాన్ని మోసే చక్రాల చట్రం మీద లాగే పద్ధతికి మొత్తం బరువు 53.5 టన్నులకు మించకూడదన్నారు. మొదటి ట్రైలర్ ఇరుసుల మీదే ఫిఫ్త్ వీల్ పెట్టి రెండోదాన్ని అక్కడ కూర్చోబెట్టే బీ ట్రైన్‌కు 62.5 టన్నుల వరకూ ఒప్పుకున్నారు. క్యాంపర్లకు ఆ సౌకర్యం లేదు, ఇరుసుల పైన పడకగదో వంటగదో ఉంటుంది కాబట్టి.

ఇక్కడొక తమాషా ఉంది. హైవే మీద ప్రాణం తీసే ఆ 10 అడుగుల తోక, ఊళ్లో మలుపు దగ్గర సాయం చేస్తుంది. ట్రక్కు ముందు ఇరుసు 45 అడుగుల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతోందనుకుందాం. ఇరుసుల మధ్య దూరం 13 అడుగులున్న ట్రక్కుకు పై లెక్కలోని క్యాంపర్ తగిలిస్తే, దాని చక్రాలు 38.2 అడుగుల వ్యాసార్ధంలో, అంటే దాదాపు 7 అడుగులు లోపలికి కోసుకుంటూ పోతాయి. తోక మాత్రం బయటికి జరిగి 39.4 అడుగుల మీద ఉంటుంది. 15 అడుగుల పడవ ట్రైలర్ అక్కడి నుంచి బయల్దేరుతుంది కాబట్టి దాని చక్రాలు 36.5 దగ్గర నడుస్తాయి. అంత పొడవు కలిపినా లోపలికి కోసేది ఇంకో 1.7 అడుగులే. క్యాంపర్ మలుపు తిరిగిందంటే పడవా తిరిగినట్టే లెక్క.

వెనక్కి పోవడం మాత్రం వేరే కథ. ముందుకు పోతున్నప్పుడు ట్రైలర్ కాస్త వంకరగా ఉన్నా, తన పొడవంత దూరం పోయేసరికి ఆ వంకర దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. రివర్స్‌లో సరిగ్గా తలకిందులు: ప్రతి పొడవుకూ సుమారు 2.7 రెట్లు పెరుగుతుంది. 15 అడుగుల ట్రైలర్ 2 డిగ్రీలు వంకరగా ఉంటే, 15 అడుగులు వెనక్కి పోయేసరికి 5 డిగ్రీలు దాటుతుంది, 30 అడుగులకు 15, 45 అడుగులకు 40 దగ్గరికి చేరుతుంది. ఇది క్యాంపర్ తిన్నగా పోతుందనుకుంటే వచ్చే లెక్క. నిజానికి డ్రైవరు తిప్పగలిగేది ట్రక్కును, ట్రక్కు తిప్పేది క్యాంపర్‌ని, క్యాంపర్ తిప్పేది పడవను. దిశ ఒక్కో కీలు దగ్గరా తారుమారవుతుంది. పైగా పడవ ఆయనకు కనపడదు, మధ్యలో ఇల్లు అడ్డం.

అసాధ్యమా అంటే, గణితం ప్రకారం కాదు. ఎన్ని ట్రైలర్లున్నా కారును ముందుకూ వెనక్కీ నడిపి కోరిన చోట, కోరిన భంగిమలో నిలపవచ్చని ఫ్రెంచి రోబోటిక్స్ శాస్త్రవేత్త జాన్ పోల్ లోమోన్ నిరూపించాడు. ఒకే ట్రైలర్ లారీని రివర్స్ చేయడమే ఎంత చిక్కంటే, 1989లో స్టాన్‌ఫర్డ్‌లో డెరిక్ న్యూయెన్, బెర్నార్డ్ విడ్రో దాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు పరీక్షగా పెట్టారు. పెట్రోల్ బంకులో చిక్కుకున్న డ్రైవరుకు ఈ నిరూపణల వల్ల ఒరిగేదేమీ లేదు. పడవ ఊడదీసి పక్కన పెట్టి, క్యాంపర్‌ని వెనక్కి తీసి, మళ్లీ తగిలించుకోవడమే. అందుకే ఇలా తిరిగేవాళ్లు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి పోయే బంకులూ, క్యాంపు స్థలాలూ ముందే చూసి పెట్టుకుంటారు.

బ్రేకుల గురించి కొంచెం. పడవ ట్రైలర్లకు ఎక్కువగా సర్జ్ బ్రేకులుంటాయి. ముందు బండి వేగం తగ్గితే వెనకది ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుతోనే బ్రేకు పడుతుంది. ట్రక్కు నుంచి వైరు లాగే పని లేదు. తెగిపోతే బ్రేకు వేసే తాడును మాత్రం క్యాంపర్‌కే కట్టాలి. చివరి ట్రైలర్ టైరు పంక్చరైనా ట్రక్కులో తెలియదు, టైరు పూర్తిగా చీలికలయ్యేదాకా లాక్కుపోవచ్చు. గాలి ఒత్తిడి చెప్పే సెన్సార్, వెనక ఒక కెమెరా ఈ వరసకు తప్పనిసరి అని నా అభిప్రాయం. వేగం కూడా: 55 మైళ్ల నుంచి 65కి పెంచితే బ్రేకులు మింగాల్సిన శక్తి 40 శాతం పెరుగుతుంది.

చట్టాలు రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో మామూలు సి క్లాస్ లైసెన్సుతో ఒకటికి మించి లాగకూడదు. ట్రైలర్ ఉన్న ఏ బండైనా 55 మైళ్లు దాటకూడదు. మిషిగన్‌లో లైసెన్సు మీద ‘ఆర్’ అనే అదనపు అనుమతి ఉండాలి. మిన్నెసోటా చట్టం మరీ వివరంగా ఉంటుంది: మొత్తం పొడవు 70 అడుగులు దాటకూడదు, నడిపేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి, వెనక ట్రైలర్ మీద పడవలు, మోటార్ సైకిళ్లు, స్నోమొబైళ్లు లాంటివే ఉండాలి. మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7 మధ్య ఈ వరస రోడ్డెక్కకూడదు. కొన్ని రాష్ట్రాలు అసలే ఒప్పుకోవు. ఒక రాష్ట్రంలో సక్రమంగా బయల్దేరిన బండి సరిహద్దు దాటగానే నేరమైపోతుంది కాబట్టి, దూర ప్రయాణానికి మ్యాప్ చూసే ముందు ఈ చట్టాలు చూసి దారి గీసుకుంటారు. తీసుకెళ్లాల్సింది మోటార్ సైకిళ్లే అయితే, వెనక భాగంలో గ్యారేజీ ఉన్న టాయ్ హాలర్ క్యాంపర్ తీసుకుంటే ఈ గొడవే ఉండదు. పెద్ద పడవ అందులో పట్టదు.