ఎలుకను కాపాడిన మందు మనిషి దగ్గర ఎందుకు ఆగింది?

1937లో సోవియట్ తూర్పు కొసన టైగా అడవుల్లోకి వెళ్లిన వైరస్‌ల శాస్త్రవేత్త లెవ్ జిల్బర్ బృందం, అక్కడి మెదడువాపుకు కారణం ఒక వైరస్ అనీ, దాన్ని మోసుకొచ్చేది పిడుదులనీ తేల్చింది. టీకా త్వరగానే వచ్చింది. వైరస్‌నే అణచే మందు మాత్రం చిక్కలేదు.

1957లో శాస్త్రవేత్తలు ఐజాక్స్, లిండెన్‌మాన్ ఇంటర్‌ఫెరాన్‌ను గుర్తించారు. వైరస్ సోకినప్పుడు కణాలు దాన్ని అడ్డుకోవడానికి వదిలే ప్రొటీన్ ఇది. శుద్ధమైన ఇంటర్‌ఫెరాన్ అప్పట్లో దొరకడమే గగనం. దాన్ని మన శరీరం చేతే తయారు చేయిస్తే సరిపోదా అన్న ఆలోచనలోంచి ప్రేరకాలు పుట్టాయి. 1967లో హిల్‌మన్ బృందం జంట పోగుల కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ, పాలీ ఐసీతో ఆ పని చేసి చూపింది. 1970లో నోటి ద్వారా ఇచ్చే టిలోరోన్ ఎలుకల్లో ఇంటర్‌ఫెరాన్ పుట్టించింది. పాశ్చాత్య దేశాల్లో అది మందుల షాపు దాకా రాలేదు. రష్యాలో అమిక్సిన్ పేరుతో వచ్చింది. దాని పక్కనే సైక్లోఫెరాన్ ఇంజెక్షన్లు కూడా. వీటిని 1, 2, 4, 6, 8 రోజుల్లో ఇస్తారు. మధ్యలో ఆ ఖాళీ ఊరికే పెట్టింది కాదు: వెంటవెంటనే ఇస్తే కణాలు మొద్దుబారి, రెండో మోతాదుకు ఇంటర్‌ఫెరాన్ తగ్గిపోతుంది.

చిక్కు ఎలుకతోనే. సైక్లోఫెరాన్‌లోని ఆక్రిడోన్ ఎసిటిక్ ఆమ్లం ఎలుక కణంలోని స్టింగ్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని ఇంటర్‌ఫెరాన్ పుట్టిస్తుంది. మనిషి స్టింగ్‌కు అతుక్కోదని 2013లో తేలింది. అప్పటికి ఎలుకల ఫలితాలు చూపి దశాబ్దాలు గడిచాయి! పాలీ ఐసీది మరో తంటా. మనిషి రక్తంలోని ఎంజైములు దాన్ని తుంచేస్తాయి. పాలీలైసిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే పదార్థాలు కలిపి దాన్ని నిలబెడితే జ్వరం తెచ్చిపెడుతుంది.

సమయం సంగతి ఇంకా గడ్డు. ఎలుకకు వైరస్ ఎక్కించే ముందురోజో, కొన్ని గంటల తర్వాతో మందు ఇస్తారు. మనిషికి కాటు పడ్డాక సాధారణంగా 7 నుంచి 14 రోజులకు గానీ జ్వరం రాదు. తరచుగా అది తగ్గి, ఓ వారం బాగుండి, ఆ తర్వాత మెదడు లక్షణాలు కనబడేసరికి రక్తంలో వైరస్ దాదాపు ఉండదు. పైగా ఈ వైరస్ తన ఎన్‌ఎస్5 ప్రొటీన్‌తో ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని కణం లోపలే అడ్డుకుంటుంది.

ఇక కాటు పడగానే ముందుజాగ్రత్తగా ఇచ్చిన మందుల లెక్కలు. కుట్టిన పిడుదుల్లో ఎక్కువ వాటికి వైరసే ఉండదు. మందు మింగిన వందమందిలో తొంభైతొమ్మిది మందికి జబ్బు రాలేదంటే ఆ ఘనత మందుదా, పిడుదుదా? పీకిన పిడుదును పారేయకుండా, వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షకు పంపి, వైరస్ బయటపడిన వాళ్లనే డమ్మీ మాత్రల గుంపుతో పోల్చితే తప్ప ఆ ముడి విడదు.