మ్యాప్‌లో చుక్క కనబడగానే పరుగెత్తకండి: ట్రాకర్ల మీద అపోహలు - వాస్తవాలు

"ఇది పని చేయట్లేదండీ, మార్చి ఇవ్వండి." ఫోన్లు, వాటి చుట్టూ ఉండే చిన్నాచితకా వస్తువులు సర్వీసు చేసే మా పనిలో, పోయిన వస్తువు ఆచూకీ ఫోన్‌లో చూపించే ట్రాకర్ల గురించి ఎక్కువగా వినేది ఈ మాటే. తీసుకుని చూస్తే చాలాసార్లు ట్రాకర్ శుభ్రంగా పని చేస్తూనే ఉంటుంది. తాళాల గుత్తికో, సూట్‌కేసులోనో ఓ బిళ్ల పెట్టేస్తే చాలు, ఇక అది ఎక్కడున్నా క్షణక్షణం ఫోన్‌లో కనిపిస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. లేదంటే డబ్బా మీదే అలా రాసి ఉంటుంది.

అన్ని అపోహలకూ ఇక్కడ సమానంగా చోటివ్వను. జనాన్ని నిలువునా ముంచుతున్నది ఒకటుంది. ముందు దాని సంగతి.

అపోహ: ఇందులో జీపీఎస్ ఉంటుంది, వస్తువు ఎక్కడుందో లైవ్‌లో చూపిస్తుంది

ఉండదు. యాపిల్ ఎయిర్‌ట్యాగ్‌లో లేదు, సామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్‌లో లేదు, టైల్ అనే కంపెనీ ట్యాగ్‌లోనూ లేదు. ఆ బిళ్లలో ప్రధానంగా ఉండేది ఒక బ్లూటూత్ చిప్, చిన్న స్పీకర్, ఒక బ్యాటరీ. కొన్నింట్లో మనం బాగా దగ్గరికి వెళ్లాక దిక్కు, దూరం చూపించే అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ కూడా ఉంటుంది. అంతే. సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు. తానెక్కడుందో ఆ ట్రాకర్‌కే తెలియదు.

అది చేసేదల్లా ఉండుండి బ్లూటూత్‌లో చిన్న సిగ్నల్ వదలడం. అటుగా వెళ్తున్న ఎవరిదో ఫోన్ ఆ సిగ్నల్‌ను అందుకుంటుంది. అప్పుడు ఆ ఫోన్ తాను ఉన్న లొకేషన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేసి, సర్వర్‌కు పంపుతుంది. మీరు యాప్ తెరిచినప్పుడు మీ ఫోన్ దాన్ని దించుకుని, తాళం విప్పి, మ్యాప్ మీద చుక్కగా చూపిస్తుంది.

అంటే మీరు చూస్తున్న చుక్క మీ వస్తువుది కాదు, దాని సిగ్నల్ విన్న ఫోన్‌ది. అదీ విన్న సమయానిది. "ఇందాక ఆ సందు మొదట్లో చూశానండీ" అని దారినపోయే మనిషి చెప్పిన మాట లాంటిదది. అబద్ధం కాదు, అలాగని ఇప్పటి సంగతీ కాదు.

అందుకే ఎవరు కంగారుగా వచ్చినా నేను మొదట అడిగేది చుక్క కింద టైమ్ ఎంతుందని. 'ఇప్పుడే' అని ఉంటే ఒక లెక్క, 'మూడు గంటల క్రితం' అని ఉంటే ఇంకో లెక్క. చాలామంది ఆ లైను చదవనే చదవరు. చుక్క కనబడింది, బండి తీశారు, అక్కడికి పోయారు, ఏమీ లేదు, ట్రాకర్ నకిలీదని తిట్టుకుంటూ తిరిగొచ్చారు. మూడు గంటల్లో సూట్‌కేసు ఊరు దాటిపోవచ్చు కదా!

ఇక దూరం సంగతి. బ్లూటూత్ సిగ్నల్ గోడలు అడ్డుంటే పది మీటర్లు కూడా సరిగా పోదు, ఖాళీ మైదానంలో అయితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. పైగా విన్న ఫోన్‌కు తన లొకేషన్ మీదే పూర్తి స్పష్టత ఉండదు, ముఖ్యంగా పెద్ద భవనాల లోపల. ఈ రెండు తేడాలూ కలిస్తే చుక్క పక్కింటి మీదో, రోడ్డు అవతలో పడుతుంది. వస్తువు ఏ అంతస్తులో ఉందో మ్యాప్ అసలే చెప్పదు. చుక్క చుట్టూ లేత రంగులో ఓ వలయం ఉంటుంది చూడండి. వస్తువు ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం.

ఒకాయన లాప్‌టాప్ బ్యాగ్ పోయిందని వచ్చారు. చుక్క ఎదురు బ్లాకులో ఒకరి ఇంటి మీద ఉంది. ఆ ఇంటివాళ్లతో ఈయనకు ముందే పార్కింగ్ దగ్గర గొడవ ఉందట. "రుజువు దొరికింది, ఇప్పుడే వెళ్లి నిలదీస్తా" అని ఊగిపోతున్నారు. కూర్చోబెట్టి టైమ్ చూశాం. ముందురోజు రాత్రిది. వలయం చూస్తే ఎదురింటితో పాటు కింద పార్కింగ్ అంతా, ఈయన ఉండే బ్లాకులో సగం కూడా అందులోనే ఉన్నాయి. "సార్, ముందు పార్కింగ్‌లో మెల్లగా నడుస్తూ ఒక్కోచోట ఆగి సౌండ్ నొక్కండి, తర్వాత ఎవరినైనా అడగొచ్చు" అన్నాను. ఆయన సొంత కారు డిక్కీలోంచే మోగింది. ఆ రోజు కారు తీయలేదు, బ్యాగ్ దించిన గుర్తూ లేదు. ఎదురింటివాళ్ల ఫోనో, రాత్రి అటు తిరిగిన వాచ్‌మన్ ఫోనో సిగ్నల్ అందుకుని ఉంటుంది. ఆ ఫోన్ ఎవరిదో వాళ్లకే ఆ సంగతి తెలియదు, అది దానంతటదే జరిగిపోయే పని.

కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. చుక్క పట్టుకుని ఎవరి తలుపూ కొట్టకండి, ఎవరినీ దొంగ అనకండి. నిజంగానే దొంగతనమైతే ఒంటరిగా వెళ్లడం ఇంకా ప్రమాదం. యాప్‌లో లాస్ట్ మోడ్ (వస్తువు పోయిందని తెలిపే సెట్టింగ్) పెట్టి, టైమ్‌తో సహా స్క్రీన్‌షాట్లు తీసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి.

చుట్టుపక్కల ఫోన్లే లేకపోతే చుక్క కదలదు. జనం తిరగని దారిలో పడిన తాళాలు గంటల తరబడి పాత చోటే చూపిస్తాయి. ట్రాకర్ పాడవలేదు, దాన్ని వినే ఫోన్ లేదు. వెతికే ఓపిక ఉంటే మీరే ఫోన్ పట్టుకుని వచ్చిన దారిలో వెనక్కి నడవండి. మీ ఫోన్ కూడా వినే ఫోనే.

ఆండ్రాయిడ్ వాళ్లకు ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఇలా చుట్టుపక్కల ఫోన్లన్నీ కలిసి వెతికే నెట్‌వర్క్‌ను గూగుల్ 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది, ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్. గోప్యత కోసం గూగుల్ మామూలుగా రద్దీ ఉన్న చోట్ల, ఒకటికి మించి ఫోన్లు ట్రాకర్‌ను గమనిస్తేనే లొకేషన్ చూపించేలా పెట్టింది. సెట్టింగ్స్‌లో దీన్ని 'అన్ని ప్రాంతాల్లో' అని మార్చుకోవచ్చు. అలా మారిస్తే మీ ఫోన్ ఒక్కటే విన్నా సరే సమాచారం పంపుతుంది. మీ ఒక్కరి ఫోన్‌లో మార్చి ఊరుకోకుండా ఇంట్లో అందరి ఫోన్లలోనూ మార్చండి. మీ వస్తువుల చుట్టూ ఎక్కువగా తిరిగేవి ఆ ఫోన్లే. "ఆండ్రాయిడ్ ట్రాకర్లు దండగ" అని వచ్చినవాళ్లలో చాలామందికి ఈ సెట్టింగ్ ఉందనే తెలియదు.

"మరి జీపీఎస్సే పెట్టొచ్చుగా?" అంటారు. జీపీఎస్ పెట్టి, దాన్ని ఫోన్‌కు పంపడానికి సిమ్ పెడితే ఈ బిళ్లలో ఉండే బటన్ సెల్ (నాణెం లాంటి చిన్న బ్యాటరీ) చూస్తుండగానే అయిపోతుంది. నిజమైన జీపీఎస్ ట్రాకర్లు ఉన్నాయి. వాటికి సిమ్ కావాలి, రీఛార్జ్ కావాలి, తరచుగా ఛార్జింగ్ పెట్టాలి, లేదా వాహనం బ్యాటరీకి వైరు కలపాలి. మీ అవసరం బండి అయితే అదే కొనండి. ఈ బిళ్లతో బండికి కాపలా పెట్టాననుకోకండి.

అపోహ: ఏ ట్యాగ్ అయినా ఒకటే, చవకది చాలు

ఇది చెప్తుంటే నాకు ఓపిక తగ్గుతుంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, డబ్బా మీద 'జీపీఎస్, ప్రపంచమంతా, నెలవారీ ఖర్చు లేదు' అని ఉంటుంది. తెరిస్తే దాని కోసం ఎవరూ పేరు కూడా వినని ఓ యాప్ దించుకోమంటుంది. ఆ ట్యాగ్‌ను వినేది ఆ యాప్ ఉన్న ఫోన్లే. అంటే ఆచరణలో మీ ఒక్క ఫోనే. మీ ఫోన్‌కూ ట్యాగ్‌కూ బ్లూటూత్ ఎక్కడ తెగిపోయిందో ఆ చోటు గుర్తుపెట్టుకుని చూపిస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. ఇంట్లో రిమోట్‌కో, తాళాలకో కట్టుకోవడానికి పనికొస్తుంది. విమానంలో వెళ్లే పెట్టెకు పనికిరాదు.

కొనేముందు చూడాల్సింది ధర కన్నా ముందు నెట్‌వర్క్. ఐఫోన్ అయితే యాపిల్ ఫైండ్ మై, ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫైండ్ హబ్ అని డబ్బా మీద స్పష్టంగా ఉండాలి. ఎయిర్‌ట్యాగ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌తో సెట్ చేయలేరు. సామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్‌కు గెలాక్సీ ఫోనే కావాలి. ఇది తెలియక వేరే కంపెనీ ఫోన్‌తో కుస్తీ పట్టి వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"ఎవరో నన్ను ఫాలో అవుతున్నారు"

తెలియని ట్రాకర్ ఒకటి మీతో పాటు కదులుతోందని ఫోన్‌లో అలర్ట్ వచ్చి వణుకుతూ వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లను చూసి నవ్వకండి. ఆ భయం ఉత్తదే కావచ్చు, కాకపోవచ్చు. చాలాసార్లు అది ఇంట్లోవాళ్లు కట్టిన ట్యాగే అవుతుంది. భర్త కారు తాళాలు తీసుకుని భార్య బయల్దేరితే ఆ తాళాలకున్న ట్యాగ్ ఆవిడ ఫోన్‌కు 'తెలియని ట్రాకర్' అయిపోతుంది. బస్సులో పక్క సీటువాళ్ల బ్యాగ్ కూడా కావచ్చు.

అయినా తేలిగ్గా తీసుకోవద్దు. అలర్ట్ మీద నొక్కితే అది ఎక్కడెక్కడ మీతో పాటు ఉందో మ్యాప్ వస్తుంది. ఒకే చోట కనబడిందా, ఇంటిదాకా వచ్చిందా చూడండి. సౌండ్ నొక్కి వెతకండి. దొరికితే దాన్ని ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరగా తాకిస్తే చదివే సదుపాయం) ఉన్న ఫోన్ వెనక భాగానికి తాకిస్తే సీరియల్ నంబర్ ఉన్న పేజీ తెరుచుకుంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి. ఆ తర్వాతే బ్యాటరీ తీయడం. ఒక్క జాగ్రత్త: తెలిసినవాళ్ల మీదే అనుమానం ఉండి, వాళ్లంటే భయముంటే, బ్యాటరీ తీసిన క్షణం నుంచి లొకేషన్ రావడం ఆగిపోయిందని వాళ్లకూ అర్థమవుతుంది. అందుకే ముందు సురక్షితమైన చోటికి, పోలీసుల దగ్గరికి వెళ్లి అక్కడ తీయండి.

యాపిల్, గూగుల్ కలిసి 2024 మేలో ఈ అలర్ట్‌లు రెండు రకాల ఫోన్లలోనూ వచ్చేలా చేశాయి. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.5 నుంచి, ఆండ్రాయిడ్‌లో 6.0, ఆపై వెర్షన్లలో పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే స్కాన్ చేసుకునే వీలు ఆండ్రాయిడ్‌లో ఉంది. సిమ్ ఉన్న జీపీఎస్ పరికరాలను మాత్రం ఈ అలర్ట్‌లు పట్టుకోవు, అది గుర్తుంచుకోండి. ఇక ట్రాకర్ దాచిన కీచైన్లు ఫ్రీగా పంచి ఇళ్లు దోచేస్తున్నారని తిరిగే వాట్సాప్ మెసేజ్‌ల విషయానికొస్తే, వాటిని ఫార్వర్డ్ చేసే టైమ్‌లో ఒకసారి స్కాన్ చేసుకోవచ్చు.

ఈ అలర్ట్‌ల వల్ల దొంగతనాల విషయంలో ఒక నష్టం ఉంది. మీ బ్యాగ్ ఎత్తుకెళ్లినవాడి ఫోన్‌కు కూడా అలర్ట్ పోతుంది, వాడు ట్యాగ్ తీసి పారేస్తాడు. మనుషులను రహస్యంగా వెంటాడకుండా ఆపాలంటే ఇది తప్పదు. నా మటుకు నాకు అదే సరైన పని అనిపిస్తుంది. తాళాలు పోతే మళ్లీ చేయించుకోవచ్చు.

మిగతావి త్వరగా

యాపిల్, గూగుల్ మన తిరుగుళ్లన్నీ చూస్తాయన్నది: ఈ నెట్‌వర్క్‌లో లొకేషన్ ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది, విప్పే తాళంచెవి యజమాని దగ్గరే ఉంటుంది.

విమానంలో నిషేధమన్నది: కాదు. 2022 అక్టోబర్‌లో లుఫ్తాన్సా చెక్-ఇన్ లగేజీలో ఆన్ చేసి ఉన్న ఎయిర్‌ట్యాగ్‌లు కుదరవని చెప్పి, కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ వార్త మొదటి సగమే ఇంకా తిరుగుతోంది. 0.3 గ్రాముల లోపు లిథియం ఉన్న బ్యాటరీతో ట్రాకర్ ఉంటే చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చెప్తోంది. ఈ బటన్ సెల్‌లో ఉండేది 0.1 గ్రాము దరిదాపుల్లో. విమానం గాల్లో ఉన్నంతసేపు చుక్క బయల్దేరిన చోటే ఆగిపోవడం మామూలే, పెట్టె అక్కడే వదిలేశారని ఏడవకండి. దిగాక కూడా కదలకపోతే అప్పుడు కౌంటర్‌కు వెళ్లండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.2 నుంచి ఆ లొకేషన్‌ను ఎయిర్‌లైన్‌కు లింకుగా పంపే వీలుంది. చాలా ఎయిర్‌లైన్లు తీసుకుంటున్నాయి. ఏడు రోజులకు ఆ లింకు దానంతటదే ఆగిపోతుంది.

పిల్లలకు, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు కట్టొచ్చా అన్నది కాస్త ఆగి చెప్పాల్సినది. వాళ్ల నాన్నగారి చొక్కా జేబులో ట్యాగ్ పెట్టి పంపుతున్నానని ఒకమ్మాయి చెప్పింది. ఆయన దారి మరిచిపోతున్నారు, ఆమెకు నిద్ర లేదు. "పెట్టు తల్లీ, కానీ దాని మీదే ఆధారపడకు" అన్నాను. తప్పిపోయిన మనిషి విషయంలో అరగంట పాత చుక్క ఎటూ పనికిరాదు. సిమ్, జీపీఎస్ ఉన్న వాచ్ కొనుక్కోమన్నాను. యాపిల్ కూడా ఎయిర్‌ట్యాగ్ వస్తువులకే అంటుంది, మనుషులకూ పెంపుడు జంతువులకూ కాదు. పసిపిల్లలకైతే అసలు వద్దు. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా ఆసుపత్రికే, ఇంట్లో కూర్చుని ఎదురుచూడడం కాదు.

బ్యాటరీ దాదాపు ఏడాది వస్తుంది. కొత్తది వేసినా పని చేయకపోతే, పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన రకమేమో చూడండి. ఆ పూత వల్ల కొన్ని ట్యాగుల్లో కాంటాక్ట్ దొరకదు. పూత లేని సీఆర్2032 వేస్తే లేచి కూర్చుంటుంది. సెకండ్ హ్యాండ్ ట్యాగ్ కొంటే మాత్రం పాత యజమాని తన అకౌంట్ నుంచి దాన్ని తీసేశాడో లేదో అక్కడికక్కడే, మీ ఫోన్‌కు కలిపి చూసుకుని డబ్బులివ్వండి. తర్వాత నా దగ్గరికి తెచ్చినా ఆ పాత అకౌంట్ లాక్ నేను తీయలేను.