ఇద్దరిదీ 44 అయినప్పుడు

చిరంజీవులు అమ్ములుకి, బుజ్జిగాడికి,

తాతయ్య ఆశీస్సులు. అమ్ములూ, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెబితే సగమే చెప్పేవాణ్ని. అందుకే ఈ ఉత్తరం. నువ్వడిగింది ఇదీ: "అమ్మమ్మ గుండె నిమిషానికి 44 సార్లే కొట్టుకుంటోందని పేస్‌మేకర్ బ్యాటరీ పెట్టారు. కిరణ్ అన్నయ్య వాచీలో కూడా పొద్దున లేవగానే 44 చూపిస్తుంది. మరి అన్నయ్యకెందుకు పెట్టలేదు? వాడికేమన్నా అవుతుందేమో తాతయ్యా!"

ముందు ఆ భయం తీసేస్తాను. కిరణ్‌కి ఏమీ కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మిమ్మల్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాలి.

ఒడ్డు మీద నుంచి పెద్దవల లాగడం మీరు చూడలేదు. మా చిన్నప్పుడు పిల్లలందరికీ అదో తిరునాళ్ల. తెల్లవారకముందే పడవ వెళ్లి వలని చంద్రవంకలా నీళ్లలో పరిచి వచ్చేది. రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి చేరేవి. ఒక్కో తాడుకి ఇరవై మంది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు లాగితే వల అంగుళం కూడా జరగదు. ఒక పెద్దాయన "హైలెస్సా" అని కేకేసేవాడు. అందరూ "హైలెస్సా" అంటూ ఒక్కసారే వెనక్కి వాలేవాళ్లు. మడమలు ఇసకలో దిగబడేవి, బిగిసిన తాట్లోంచి నీళ్లు పిండినట్టు కారేవి. ఓ ఊపిరి ఆగి, మళ్లీ కేక. ఆ కేకేసే పెద్దాయన బక్కపలచటి మనిషి, తాడు ముట్టుకునేవాడే కాదు. ఎప్పుడు లాగాలో చెప్పడమే ఆయన పని.

మన గుండెలోనూ అలాంటి పెద్దాయన ఉన్నాడు. కుడివైపు పై గదిలో, తల నుంచీ చేతుల నుంచీ రక్తం తెచ్చే పెద్ద సిర వచ్చి కలిసేచోట, సెంటీమీటరు పైచిలుకు పొడుగున్న కండ ముక్క. పేరు సైనస్ నోడ్. అక్కణ్నుంచి సన్నటి విద్యుత్ కేక బయల్దేరుతుంది. ముందు పై గదులు రెండూ లాగుతాయి. పై గదులకీ కింది గదులకీ మధ్య ఆ కేకని పోనివ్వని పీచు గోడ ఉంది. గోడలో ఒకటే దారి, ఏవీ నోడ్. వల లాగే రెండు గుంపుల మధ్య ఇసక దిబ్బ అడ్డముంటే, దిబ్బ మీద ఒకడు నిలబడి కేకందుకుని అటు వేస్తాడనుకోండి, అదీ దీని పని. అయితే అందుకున్న వెంటనే వెయ్యడు, సెకనులో పదో వంతు ఆగుతాడు. పై గదుల రక్తం కింది గదుల్లోకి పూర్తిగా దిగడానికి ఆ వ్యవధి కావాలి. తర్వాత కేక హిస్ అనే పేరున్న తీగలోకి దిగి, కుడి ఎడమ పాయలుగా చీలి, కింది గదుల కండ అంతటికీ ఒకేసారి అందుతుంది.

ఈ దిబ్బ మీది మనిషిని 1906లో జర్మనీలో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు సునావో తవారా వెతికి పట్టాడు. కేకేసే పెద్దాయన 1907లో గానీ లోకానికి తెలియలేదు. ఇంగ్లండులో మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి, తన గురువు ఆర్థర్ కీత్ ఇంట్లో, మట్టిలో బొరియలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండెని సూక్ష్మదర్శినిలో చూస్తూ కనుక్కున్నాడు. ఎలకంత జంతువు గుండెలోనూ కేకేసేవాడు ఉన్నాడన్న మాట!

ఇప్పుడు అసలు సంగతి. పెద్దాయన కేక వెయ్యకపోయినా, దారిలో ఆగిపోయినా వల వెంటనే ఆగదు. దిబ్బ దగ్గరివాడు తనే కేక అందుకుంటాడు, కాకపోతే నిమిషానికి 40 నుంచి 60 సార్లే వెయ్యగలడు. అక్కడా కుదరకపోతే తాడు కొసనున్నవాడు, అంటే కింది గదుల్లోనివాడు, మొదలుపెడతాడు. వాడిది 20 నుంచి 40. గుండెలో ఎక్కడ చూసినా ఒకరి వెనక ఒకరు సిద్ధంగా ఉంటారు, వెనక్కి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది.

మీ నాన్న ఇద్దరి ఈసీజీలూ ఫొటో తీసి పంపాడు. కిరణ్‌ది ఆటల సర్టిఫికెట్ కోసం తీయించింది. మీరూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఐదు చిన్న గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి, అంటే సెకనులో ఐదో వంతు. నిమిషానికి 300 పెద్ద గళ్లు. పొడుగాటి ములుకుకీ దాని తర్వాతి ములుకుకీ మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కపెట్టి 300ని దాంతో భాగిస్తే నాడి వస్తుంది. ఇద్దరికీ ఏడు గళ్లకి రవ్వంత తక్కువ. అందుకే ఇద్దరిదీ 44.

ఇక చిన్న గుబ్బల్ని చూడండి. అవి పై గదుల లాగుడు. కిరణ్ కాగితంలో ప్రతి ములుకుకీ ముందు ఒక గుబ్బ ఉంది, నాలుగు చిన్న గళ్ల దూరంలో. ఎక్కడా తప్పలేదు. అమ్మమ్మ గారి కాగితంలో గుబ్బలు నాలుగు పెద్ద గళ్లకొకటి చొప్పున, అంటే నిమిషానికి 75, వాటి దారిన అవి పోతున్నాయి. ములుకులు ఏడు గళ్లకొకటి, వాటి దారిన అవి. ఒకచోట గుబ్బ ములుకు నెత్తి మీదే పడింది చూశారా? పైవాళ్లకీ కిందివాళ్లకీ మాట తెగిపోయిందన్నమాట. పెద్దాయన గొంతు చించుకుంటున్నా కేక దిబ్బ దాటడం లేదు. దీన్నే కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటారు. కిరణ్ గుండెలో పెద్దాయనే తీరిగ్గా పిలుస్తున్నాడు. రోజూ పరుగెత్తేవాళ్ల గుండె ఒక్కో కొట్టుడికి 110 మిల్లీలీటర్ల దాకా తోస్తుంది. 44 సార్లకి దాదాపు ఐదు లీటర్లు, కదలకుండా కూర్చున్న మనిషికి సరిపోయేంత. అమ్మమ్మ గారి గుండె 70 చొప్పున తోస్తే మూడు లీటర్లే. కాస్త ఎక్కువ నింపుకోవాలని చూస్తుంది గానీ చాలదు. కిరణ్ పరుగు మొదలుపెడితే వాడి 44 కాస్తా 180 అవుతుంది. ఆవిడ మేడ మెట్లెక్కినా 44 దగ్గరే ఉండిపోయేది. అందుకే ఆరో మెట్టు మీద కళ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయారు.

కాబట్టి అంకె ఒక్కటే చూసి భయపడకూడదు, ధీమాగానూ ఉండకూడదు. పెద్దవాళ్లకి 60 నుంచి 100 అని పుస్తకాల్లో ఉంటుంది. అమెరికా హృద్రోగ సంఘాలు 2018లో ఇచ్చిన సూచనల్లో సైనస్ నాడి 50 కంటే తగ్గితేనే నెమ్మది అన్నారు. అప్పుడే పుట్టిన బిడ్డకైతే 120 కూడా మామూలే.

దారి ఎందుకు మూసుకుపోతుంది? చాలామందిలో వయసు వల్లే. కండ ఉండాల్సిన చోట పీచు పెరుగుతుంది. అమ్మమ్మ గారిదీ అదే. బ్యాటరీ అనే ముందు ఆవిడ మందుల చీటీ చూశారు, థైరాయిడ్ పరీక్ష చేశారు. ఎటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ బిళ్లలు నాడిని తగ్గిస్తాయి. థైరాయిడ్ మందగించినా తగ్గుతుంది. కారణం అదైతే దాన్ని సరిచేస్తే చాలు. మన దేశంలో గుండెపోటు చిన్న వయసులోనే వస్తోంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏవీ నోడ్‌కి రక్తం గుండె కుడి రక్తనాళం నుంచే అందుతుంది. గుండెపోటులో అది మూసుకుంటే నాడి పడిపోతుంది, తరచు కొన్ని రోజుల్లో తేరుకుంటుంది. మీ వీధి చివర పచ్చగన్నేరు చెట్టుంది కదా, దాని విషమూ ఈ దారినే మూసేస్తుంది. పిక్కలు ఏరుకుని ఆడొద్దు. ఆ చెట్టు పాలు అంటుకుంటే చేతులు కడుక్కోండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఊరు మారితే కారణమూ మారుతుంది. నన్ను అన్నిటికంటే కదిలించేది బ్రెజిల్ సంగతి. అక్కడ మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో లస్సాన్స్ అనే ఊరు. రైలు మార్గం వేస్తున్న కూలీలకి మలేరియా వస్తోందని కార్లోస్ చాగస్ అనే యువ వైద్యుణ్ని పంపారు. రైలుపెట్టెనే ప్రయోగశాల చేసుకున్నాడాయన. కూలీల ఇళ్ల గోడలు కర్రల దడి కట్టి మట్టి మెత్తినవి. మట్టి ఎండి బీటలు వారితే వాటిలో రెండు మూడు సెంటీమీటర్ల నల్లటి పురుగులు దాక్కునేవి. దీపం ఆర్పగానే దిగొచ్చి, నిద్రపోతున్నవాళ్ల మొహం మీద కుట్టి రక్తం తాగేవి. నొప్పి తెలియదు. మొహం మీదే కుడుతుందని దానికి అక్కడివాళ్లు గడ్డం గీసేవాడనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కుట్టి, అక్కడే రెట్ట వేస్తుంది. నిద్రలో పిల్లాడు దురదపుట్టి గోక్కుంటాడు, కన్ను నులుముకుంటాడు. రెట్టలోని సూక్ష్మజీవి లోపలికి పోతుంది. ఒక కన్ను వాస్తుంది, జ్వరం వస్తుంది, తగ్గిపోతుంది. అందరూ మర్చిపోతారు.

సూక్ష్మజీవి మాత్రం పోదు. సోకినవాళ్లలో నూటికి 20, 30 మందికి పదేళ్లకో ఇరవై ముప్పై ఏళ్లకో గుండె పాడవుతుంది, కేక వెళ్లే తీగలు తెగుతాయి. నలభై ఏళ్లకే నాడి సగానికి పడిపోయి పొలంలో కూలిపోయినవాళ్లున్నారు. చాగస్ 1909 ఏప్రిల్లో బెరెనీస్ అనే రెండేళ్ల పాప రక్తంలో ఆ జీవిని చూశాడు. జబ్బునీ, దాన్ని తెచ్చే జీవినీ, ఆ జీవిని మోసేది ఈ పురుగేననీ, మూడూ కనిపెట్టింది ఆయనొక్కడే. ఆ పాప, రక్తంలో జీవి ఉండగానే, డెబ్బై ఏళ్లు దాటి బతికింది. ఎవరి గుండె తట్టుకుంటుందో, ఎవరిది తట్టుకోదో ముందే చెప్పలేరు. మందు ఉంది, తొలిరోజుల్లో వేస్తే బాగా పనిచేస్తుంది. అయినా గోడలు నున్నగా పూయించడం, ఇళ్లల్లో మందు చల్లడం, ఎక్కించే రక్తాన్ని పరీక్షించడం వల్లే ఎక్కువ మేలు జరిగింది. ఆ పురుగుల్లో ముఖ్యమైన జాతి వల్ల సోకడం ఆగిపోయిందని 2006లో బ్రెజిల్‌కి గుర్తింపు వచ్చింది. ముప్పై ఏళ్ల కింద పగిలిన గోడ ఇవాళ ఒక మనిషి నాడిలో కనబడుతుందంటే, ఆ మనిషి పేదరికాన్ని కూడా వైద్యుడు అడిగి తెలుసుకోవాలి కదా.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో అడవి పిడుదు కుట్టి వచ్చే లైమ్ జబ్బులో కొందరికి ఇలాగే దారి మూసుకుంటుంది, యాంటీబయోటిక్ ఇస్తే తెరుచుకుంటుంది. ఒంట్లో అక్కడక్కడా చిన్న చిన్న వాపు గడ్డలు లేచే సార్కాయిడోసిస్ అనే జబ్బు జపాన్‌లో గుండెకి పాకడం ఎక్కువ. బ్రిటన్‌లో స్థిరపడ్డ మన దేశాలవాళ్లకి గుండె రక్తనాళాల జబ్బు అక్కడి తెల్లవాళ్లకంటే ఎక్కువ, పై గదులు చిందరవందరగా కొట్టుకునే జబ్బు మాత్రం తక్కువ.

అమ్మమ్మ గారి బ్యాటరీ గురించి బుజ్జిగాడు అడిగాడు కదా. కాలర్ ఎముక కింద చర్మం లోపల పెట్టిన చిన్న పెట్టె అది. సిరలోంచి తీగలు గుండెలోకి వెళ్తాయి. అది ఊరికే కొట్టదు, వింటూ ఉంటుంది. కేక అందితే ఊరుకుంటుంది, అందకపోతే తనే వేస్తుంది. సుమారు పదేళ్లు వస్తుంది. మొదటిసారి ఇలాంటిది మనిషి ఒంట్లో పెట్టింది 1958 అక్టోబర్ 8న, స్వీడన్‌లో. ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్ బూటు పాలిష్ డబ్బాలో రెసిన్ పోసి దాన్ని అచ్చు తీశాడు. ఆకె సెనింగ్ ఆపరేషన్ చేశాడు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. పెట్టించుకున్న ఆర్నే లార్సన్ మాత్రం మొత్తం 26 మార్చుకుంటూ 2001 దాకా బతికాడు, తనకి ప్రాణం పోసిన ఆ ఇద్దరికంటే ఎక్కువ కాలం. అమ్మమ్మ గారిని నాలుగు నుంచి ఆరు వారాలు ఆ పక్క చెయ్యి భుజం పైకెత్తనివ్వకండి. కొత్త తీగ జారుతుంది. దండెం మీద బట్టలు మీరే ఆరెయ్యండి. ఫోన్ పెట్టెకి జానెడు దూరంలో, రెండో పక్క చెవి దగ్గర పెట్టుకోమనండి.

ఇక మీ పని. మణికట్టు మీద, బొటనవేలి మొదలుకి కాస్త కింద, చూపుడువేలూ మధ్యవేలూ ఆనించండి. బొటనవేలు పెట్టకండి, అందులో మీ నాడే తగులుతుంది. మనిషి ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. ఇంట్లో అందరిదీ, మంచం దిగకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారం రోజులు నోటుబుక్కులో రాయండి. 2018లో అమెరికాలో మాంటరే అఖాతంలో ఒక నీలి తిమింగలానికి రబ్బరు కప్పులతో పరికరం అంటించి ఇలాగే లెక్కపెట్టారు. లోతుకి మునిగినప్పుడు దాని గుండె నిమిషానికి రెండే రెండుసార్లు కొట్టుకున్న క్షణాలున్నాయి, పైకి తేలినప్పుడు 37. ఆ రెండు కేకల మధ్య అర నిమిషం అంత పెద్ద గుండె ఎలా ఎదురుచూస్తుందో తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అమ్మమ్మ గారిది కూర్చున్నప్పుడు ఎంతో, వంటింట్లోంచి వాకిటి దాకా నడిచొచ్చిన వెంటనే ఎంతో విడివిడిగా లెక్కపెట్టండి. రెండు అంకెలూ నాకు రాయండి.

మీ తాతయ్య