జీను దిగి మైకు పట్టాక: గుర్రప్పందేలపై అపోహలు - వాస్తవాలు

మలక్‌పేట రేస్‌కోర్సులో ఇరవై రెండేళ్లు జాకీగా బతికాను. పోయిన సీజన్‌తో లైసెన్సు వదిలేసి ఇప్పుడు రేసుల ప్రసారంలో మైకు ముందు కూర్చుంటున్నాను. పెళ్లికి వెళ్లినా, చాయ్ హోటల్లో నిలబడినా జనం నన్ను అడిగేవి అవే నాలుగైదు మాటలు. నిలబడి చెబితే తెమిలేవి కావు, అందుకే రాస్తున్నాను.

అపోహ: అన్నేళ్లు గుర్రమెక్కినవాడికి కామెంటరీ ఎంత పని?

మొదట్లో నేనూ అదే ధీమాతో వెళ్లాను. కానీ గుర్రం మీద ఉన్నప్పుడు జాకీకి కనిపించేది రేసంతా కాదు. ముందు గుర్రాల తోకలు, మొహాన పడే మట్టిపెళ్లలు, పక్కవాడి మోకాలు, అంతే. వెనక ఎవరొస్తున్నారో డెక్కల చప్పుడు, గుర్రం ఊపిరి విని పోల్చుకోవాలి. పన్నెండు గుర్రాలు పరుగెడుతున్నా నా పోటీ నా చుట్టూ ఉన్న నాలుగింటితోనే. కామెంటరీ బాక్సులోంచి చూస్తే పన్నెండూ కనిపిస్తాయి గానీ మనుషుల్ని ఆనవాలు పట్టలేం. బైనాక్యులర్స్‌లో కనిపించేవి జాకీల చొక్కాల రంగులే. ఒక్కో గుర్రం యజమానికి తన పేరున నమోదైన రంగులుంటాయి. ఒకే యజమానివి రెండు గుర్రాలుంటే టోపీ రంగు మారుస్తారు. వాన మొదలైతే ఆ రంగులూ మసకబారతాయి. రేసు ముందురోజు రాత్రి మా అమ్మాయి కలర్ పెన్సిళ్లతో ప్రతి జాకీ చొక్కా, టోపీ అట్టముక్కల మీద గీసుకుని, కింద గుర్రం పేరు రాసి, కళ్లు మూసుకుని అప్పజెప్పుకుంటాను. 1200 మీటర్ల రేసు డెబ్బై, డెబ్బై అయిదు సెకన్లలో అయిపోతుంది. తప్పు పేరు ఒక్కటి నోట్లోంచి వచ్చిందంటే దిద్దుకునే వ్యవధి ఉండదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. రేసు సాగుతుండగా పేర్లు చెబుతూ పోయేవాళ్ల పని ఒకటి, రేసుకు ముందూ తర్వాతా గుర్రాల గురించి, జాకీ ఎత్తుగడ గురించి విడమరిచి చెప్పేవాళ్ల పని ఇంకొకటి. పేరున్న జాకీలు రాణించింది ఎక్కువగా రెండోదాంట్లోనే. బ్రిటన్‌లో ఏడుసార్లు చాంపియన్ అయిన జాన్ ఫ్రాంకమ్ 1985లో రిటైరయ్యాడు. తర్వాత 2012 దాకా చానల్ 4 రేసు ప్రేక్షకులకు ఇంటిమనిషి. వరసగా ఇరవైసార్లు చాంపియన్‌గా నిలిచిన ఏపీ మెకాయ్ 2015 ఏప్రిల్‌లో శాండౌన్‌లో చివరి రేసు చేసి, ఆ తర్వాత ఐటీవీలో కనిపించాడు. సిగార్ లాంటి మహా గుర్రాన్ని నడిపిన అమెరికా జాకీ జెర్రీ బెయిలీ 2006లో దిగిపోయి టీవీ విశ్లేషణకు వెళ్లాడు. నాకు బాగా ఇష్టమైన మనిషి అమెరికా మాజీ జాకీ డోనా బ్రదర్స్. 1998లో రిటైరైన ఆవిడ అక్కడి టీవీ చానల్ ఎన్‌బీసీ ప్రసారంలో తానే గుర్రమెక్కి, గెలిచిన జాకీ పక్కకు వెళ్లి, అతనింకా జీను మీద ఉండగానే మైకు అందించేది. ఆ నిమిషంలో జాకీకి ఊపిరి ఆడదు, చేతులు వణుకుతుంటాయి. అప్పుడు ఏం అడగాలో, ఎంతలో ఆపాలో జీను మీద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

అపోహ: ఫేవరెట్ (జనం ఎక్కువగా పందెం కాసిన గుర్రం) ఓడిపోయిందంటే జాకీ కావాలనే పట్టి ఆపాడు.

నా ఇరవై రెండేళ్లలో నన్ను ఎక్కువగా నొప్పించిన మాట ఇదే. ఒక రేసు ఓడి తూకం గదికి నడుస్తుంటే కంచె అవతల ఒక పెద్దాయన, "ఎంత తిన్నవ్‌రా?" అని అరిచాడు. ఆరోజు నా గుర్రం మలుపు దగ్గర నుంచి బయటికి వాలుతూనే ఉంది. కళ్లెం ఎడాపెడా లాగినా లోపలికి రాలేదు. స్టాండ్స్ లోంచి చూసినా, టీవీలో పక్కనుంచి తీసే కెమెరాలో చూసినా, నేను కళ్లెం పట్టి లాగడం తప్ప ఏమీ కనిపించదు. ఎదురుగా ఉండే కెమెరా చూస్తే గుర్రం ఎటు వాలుతోందో వెంటనే తెలుస్తుంది. స్టీవార్డులు, అంటే రేసును పర్యవేక్షించే అధికారులు, విచారణలో చూసేది ఆ ఫిల్మునే. ఇప్పుడు మైకు నా చేతిలో ఉంది కాబట్టి, వీలైనప్పుడల్లా ఆ ఎదురు దృశ్యం వేయమని మావాళ్లను అడుగుతాను.

గుర్రం ఓడటానికి కారణాలు లెక్కలేనన్ని. మొదటి నాలుగు వందల మీటర్లలోనే జాకీ మాట వినకుండా గుంజుకుని ఒంట్లో సత్తువంతా కాల్చేసుకుంటుంది. ట్రాక్ లోపలి అంచు కంచెకీ (రెయిలు) ముందు గుర్రాలకీ మధ్య చిక్కుకుంటుంది, సందు దొరికేసరికి విన్నింగ్ పోస్టు వచ్చేస్తుంది. గట్టినేల మీద బాణంలా పోయే గుర్రం వాన పడిన నేల మీద కాళ్లు కూడదీసుకోలేదు. ఒక్కోసారి రేసయ్యాక చూస్తే ముక్కులోంచి రక్తం కారుతుంటుంది, లోపల ఊపిరితిత్తుల్లో నెత్తురు చిమ్మిందన్నమాట. ఇందులో ఏదీ కంచె దగ్గర నిలబడినవాళ్లకు కనిపించదు.

అలాగని మోసం ఎప్పుడూ జరగలేదని నేను అనను. గుర్రాన్ని దాని సత్తా మేరకు నడపకపోవడం పెద్ద నేరం. దొరికినవాళ్లు సస్పెండయ్యారు, జీవనాధారం పోగొట్టుకున్నారు. నిన్నటిదాకా నాతో ఒకే గదిలో బట్టలు మార్చుకున్నవాడు ఇవాళ చివరి వంద మీటర్లలో గుర్రాన్ని తోలడం మాని చేతులు దించేస్తే, ఆ మాట మైకులో నేనే చెప్పాలి. చెప్పాను కూడా. వారం రోజులు అతను నాతో మాట్లాడలేదు. ఈ కొత్త పనిలో అన్నిటికంటే బరువైంది అదే.

అపోహ: జాకీ సన్నగా ఉంటే చాలు, పరుగెత్తేది గుర్రమే కదా.

రేసు కార్డులో గుర్రం మోయాల్సిన బరువు 53 కిలోలని ఉంటే అందులో నా ఒళ్లు, బట్టలు, బూట్లు, జీను అన్నీ కలిసుంటాయి. తక్కువైతే సీసం ముక్కలు పెడతారు, మరీ ఎక్కువైతే ఆ గుర్రం ఎక్కనివ్వరు. రేసుకు ముందూ తూకమే, తర్వాతా తూకమే. అందుకే పండగరోజు ఇంటిల్లిపాదీ పూర్ణాలు తింటుంటే నేను ఆవిరిగదిలో చెమట కార్చేవాణ్ణి. గొంతు తడవకుండా, నాలుగైదు వందల కిలోల జంతువు మీద, గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో, రికాబుల మీద కాలివేళ్లతో నిలబడాలి. ఆపైన బుర్రలో గడియారం తిరుగుతుండాలి. 200 మీటర్లకు పన్నెండు సెకన్లు పడుతోందా, పదకొండున్నరా? ఆ అర సెకను తేడాతోనే చివర్లో గుర్రం నిలవడమో చతికిలబడడమో తేలుతుంది. మైకు ముందు నాకు అన్నం పెడుతున్నది కూడా ఆ గడియారమే. "ముందున్న గుర్రం తొందరపడింది, చివరిదాకా నిలవదు" అని మలుపుకు ముందే చెప్పగలుగుతున్నానంటే కారణం అదే.

చర్నాకోల గురించి కూడా అడుగుతారు. ఎంత కొడితే అంత పోతుందనుకోవద్దు. అలసిన గుర్రాన్ని కొడితే అడుగు చెదురుతుంది. బ్రిటన్‌లో 2023 నుంచి మామూలు రేసులో ఆరుసార్లు, కంచెలు దూకే రేసులో ఏడుసార్లు మించితే శిక్ష. నాకది సరైన నియమమే అనిపిస్తుంది.

అపోహ: లోపలి మనిషివి కదా, నీకు గెలిచే గుర్రం తెలుసు.

"అన్నా, ఇయ్యాల ఏది వస్తది?" అని రోజుకు పదిమంది ఫోన్ చేస్తారు. రేసుల్లో నైపుణ్యానిదే ప్రధాన పాత్రని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది, నిజమే. అయితే ఆ నైపుణ్యం గుర్రానిది, జాకీది, ట్రైనర్‌ది. ఇంటి అద్దె డబ్బు తెచ్చి పందెం కాసినవాణ్ణి అది కాపాడదు. రేసుకు ముందు గుర్రాలను తిప్పి చూపించే ప్యాడక్‌లో ఏ గుర్రం మెరుస్తోంది, ఏది అనవసరంగా చెమట పడుతోంది, దేనికి ఈ నేల పడుతుంది, ఇవి చెబుతాను. డబ్బు పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. అప్రెంటిస్‌గా పని నేర్చుకునే రోజుల నుంచీ మాకున్న నియమం అది, జాకీకి పందెం నిషేధం. లైసెన్సు వదిలేసినా నాకా అలవాటు పోలేదు.

అపోహ: ఒకసారి దిగినవాడు మళ్లీ ఎక్కడు.

అమెరికా జాకీ గ్యారీ స్టీవెన్స్ మోకాళ్ల నొప్పితో 2005లో మానేసి టీవీలో చేరాడు. 2013లో తిరిగొచ్చి, యాభయ్యో ఏట ఆక్స్‌బో అనే గుర్రం మీద అక్కడి పెద్ద రేసు ప్రీక్‌నెస్ గెలిచాడు. ఆ ఏడే మూచో మాచో మ్యాన్ మీద ఇంకో పెద్ద రేసు బ్రీడర్స్ కప్ క్లాసిక్ కూడా గెలిచాడు. చివరికి 2018లో వెన్నెముక ఆయన్ని ఆపింది.

నాకు ఆ దారి లేదు. రెండుసార్లు విరిగిన కాలర్‌బోన్‌ని మూడోసారి అతకడం కష్టమని డాక్టర్ చెప్పేశాడు. అయినా తెల్లవారుజామున అయిదింటికి ట్రాక్ దగ్గరే ఉంటాను, చేతిలో స్టాప్‌వాచీ. గుర్రాలను సాకే సైసులు వాటిని నడిపించుకొస్తుంటారు. ఆ మసక చీకట్లో రంగుచొక్కాలుండవు. ఏది ఏ గుర్రమో నడకను బట్టే గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాను, వానరోజు బైనాక్యులర్స్ మసకబారినప్పుడు పనికొస్తుందని.