ఫుజితా పాలతెలుపు: అపోహలు - వాస్తవాలు

ఆయిల్ కలర్స్‌తో మనుషుల బొమ్మలు వేయడం, వేయడం నేర్పడం నా పని. జపాన్ పద్ధతి, యూరప్ పద్ధతి కలిపి బొమ్మ వేయడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది జపాన్ చిత్రకారుడు సుగుహారు ఫుజితా 1922లో పారిస్‌లో వేసిన నగ్నచిత్రాన్ని. 'త్వాల్ ద జూయీ' అనే అద్దకం బట్ట ముందు పాలలాంటి తెల్లటి ఒంటితో పడుకున్న స్త్రీ. మోడల్ కీకీ, ఆ రోజుల్లో మోంపర్నాస్‌ పేటలో ఆమె తెలియనివాళ్లు లేరు. కాన్వాస్ దాదాపు రెండు మీటర్ల వెడల్పు. దాని గురించి క్లాసులో ప్రతి ఏడాదీ అవే పొరపాటు మాటలు వింటున్నాను.

అపోహ: ఫుజితా జపాన్ సంప్రదాయ చిత్రకళ నేర్చుకుని, పారిస్ వెళ్లాక ఆయిల్ పెయింటింగ్ పట్టుకున్నాడు.

జరిగింది వేరు. 1886లో టోక్యోలో పుట్టిన ఫుజితా అక్కడి ఫైన్ ఆర్ట్స్ స్కూల్లో చదివింది పాశ్చాత్య చిత్రకళే. 1910లో కోర్సు పూర్తయింది. ఆ విభాగానికి పెద్ద కురోదా సెయికి, ఆయన కూడా పారిస్‌లో నేర్చుకుని వచ్చినవాడు. అంటే 1913లో పారిస్‌లో దిగేసరికే ఫుజితాకి ఆయిల్ వచ్చు. సొంత దేశపు సిరా, సన్న కుంచె వైపు గట్టిగా మళ్లింది పారిస్ వెళ్లాకే.

అపోహ: నగ్నచిత్రం జపాన్‌లో ఎప్పటినుంచో మామూలు విషయం.

కాదు. కురోదా వేసిన నగ్నచిత్రాన్ని 1895లో క్యోటోలో ప్రదర్శిస్తే పెద్ద గొడవైంది. 1901లో ఆయనదే మరో బొమ్మకి నడుము కింది భాగం కనపడకుండా గుడ్డ కప్పారు. పరుపు మీద ఒరిగి మనవైపు చూసే నగ్న స్త్రీ యూరప్ వాళ్ల పాత విషయం, టిషన్ నుంచి ఎడ్వార్ మానే దాకా అక్కడి చిత్రకారులు వేస్తూనే వచ్చారు. ఫుజితా తీసుకున్నది దాన్నే.

అపోహ: కిమోనో, విసనకర్ర, చెర్రీ పూలు పెడితే బొమ్మలోకి జపాన్ వచ్చేస్తుంది.

మా పిల్లలు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే. ఈ బొమ్మలో అవేవీ లేవు. వెనకున్న అద్దకం కూడా ఫ్రాన్స్‌దే. దాన్ని చూసినప్పుడల్లా నాకు మన బందరు గుర్తొస్తుంది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలు ఫ్రాన్స్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే, అక్కడి నేతవాళ్ల కోసం 1686లో వాటిని నిషేధించారు. నిషేధం 1759లో ఎత్తేశారు, మరుసటి ఏడాదే జూయీ ఊళ్లో అద్దకం కార్ఖానా మొదలైంది. ఫుజితా ఆ బట్ట మీది బొమ్మల్ని ఒక్కొక్కటీ ఓపికగా గీశాడు.

మరి జపాన్ ఎక్కడుంది? గీతలో. మెడ దగ్గర నుంచి భుజం మీదుగా చెయ్యి దాకా వెంట్రుకంత సన్నగా సాగే ఆ నల్ల గీతలో.

అపోహ: కీకీ ఒంటి మీది ఆ తెలుపు ట్యూబులోంచి పిండిన మామూలు తెల్ల రంగు.

అసలు కష్టమంతా ఇక్కడే. జపాన్ సిరా అంటే మసి, జిగురు, నీళ్లతో నూరుకునేది. అది నూనె రంగు మీద పట్టదు. ఒకసారి ఆరిన తెల్ల ఆయిల్ మీద నేను సిరాతో కనురెప్ప గీశాను. తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోయి, గీత కాస్తా చుక్కలైంది. తుడిచేసి, దూదితో టాల్కం పౌడర్ అద్ది, మిగిలిన పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్లీ గీశాను. ఈసారి గీత నిలిచింది.

ఫుజితా తన తెలుపు రహస్యాన్ని బతికున్నంతకాలం బయటపెట్టలేదు. ఆయన పోయింది 1968లో. తర్వాత బొమ్మల్ని బాగుచేసే నిపుణులు పరీక్షిస్తే లెడ్ వైట్ (సీసంతో చేసే తెల్లరంగు), కాల్షియం కార్బొనేట్ (సుద్ద), టాల్క్ కనిపించాయి. దొమొన్ కెన్ తీసిన ఫొటోల్లో ఆయన స్టూడియోలో పిల్లలకు రాసే పౌడర్ డబ్బా కూడా ఉంది. టాల్క్ వల్ల నూనె మెరుపు చచ్చి, పైభాగం సిరాని పట్టుకుంటుంది. రెండు దేశాల పద్ధతులు కలిశాయని మనం గొప్పగా చెప్పుకునేది నిజంగా జరిగిన చోటు ఆ పలచటి పొరే. నాకు ఈ బొమ్మ మీద ఇంత ప్రేమ అందుకే. అయితే మీరు చేసి చూడాలనుకుంటే లెడ్ వైట్ జోలికి పోకండి, అది విషం. టైటానియం వైట్ చాలు.

అపోహ: జీవితమంతా ఈ తెలుపే వేశాడు.

1943లో వేసిన, అలాస్కా దగ్గరి అట్టు (Attu) అనే దీవిలో జరిగిన యుద్ధం బొమ్మ చూడండి. అంతా ముదురు గోధుమరంగు, ఒకరి మీద ఒకరు పడి పొడుచుకునే సైనికులు. అదే చెయ్యి అంటే నమ్మలేం.

అపోహ: కీకీ బొమ్మలో గీత తప్ప షేడింగ్ లేదు.

ఉంది. గీతని ఆనుకుని లోపలి వైపు పలచటి బూడిదరంగు నీడ ఉంటుంది, పొగలా. ఒంటికి గుండ్రదనం తెచ్చేది అదే. ఫోన్‌లో బ్రైట్‌నెస్ పెంచితే ముందు మాయమయ్యేదీ అదే. "షేడింగ్ లేదు సార్" అన్న పిల్లల చేతుల్లోంచి ఫోన్ తీసుకుని బ్రైట్‌నెస్ తగ్గించి ఇస్తాను. నడుము దగ్గర వేలు పెట్టి వాళ్లే చూపిస్తారు.